గుడ్డ లేని కుట్టు

జనవరి 6

చెల్లీ,

గుడ్డ లేకుండా కుట్టు నిలుస్తుందా? నిలుస్తుందంటావా, దేని మీద నిలుస్తుంది? నిలవదంటావా, మరి నిన్న నా చేతిలో పెట్టింది ఏమిటి?

ఆరేళ్ల తర్వాత ఉత్తరం రాస్తూ బాగున్నావా అని కూడా అడగకుండా అన్నయ్య లాయరులా మొదలెట్టాడేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. జవాబు మాత్రం రాయి.

సంగతి ఇది. మన సంఘంలో లెక్కల టీచరమ్మ ఉంది కదా, నిన్న ప్రార్థనకొచ్చి తాళాలగుత్తి పెట్టుకోవడానికి సంచిలోంచి ఒక గిన్నె తీసింది. ఊదితే ఎగిరిపోయేట్టుంది. అంతా దారమే, దారంతో కుట్టిన ఆకులే. ఆకుకీ ఆకుకీ మధ్య నా చిటికెనవేలు దూరింది. తిప్పి చూశాను, బోర్లించి చూశాను, కిటికీకి ఎదురుగా ఎత్తి చూశాను. లోపల గుడ్డ లేదు, తీగ లేదు. "ఇది మీ చెల్లెలు చేసిందేనట, దుకాణంలో చెప్పారు" అంది ఆవిడ. నలభై మంది ఎదుట నా నోరు మూతపడింది. అదెంత అరుదైన సంగతో నీకు వేరే చెప్పనక్కర్లేదు.

పద్దెనిమిదేళ్లుగా ఇసుక మీద ఇల్లు కట్టొద్దని గొంతు చించుకుంటున్నవాణ్ణి. వారమంతా గేట్లూ గ్రిల్లులూ అతికే వాణ్ణి. పట్టు లేనిది పడిపోతుందని గ్రంథమూ చెప్పింది, వెల్డింగూ నేర్పింది. ఇప్పుడు పునాది లేని గిన్నె ఒకటి నా ముందు కూర్చుని ఇనుప తాళాలు మోస్తోంది. నీ జవాబు రాగానే ఆ ఆదివారం దీని మీదే మాట్లాడతాను. తెలియనిదాని గురించి మాట్లాడటం నా అలవాటు కాదు. (మీ వదిన నా భుజం మీదుగా చదువుతోంది. ఈ వాక్యం దగ్గర దగ్గింది.)

ఇక అసలు మాట. ఆరేళ్ల కిందట విశ్రాంతి దినాన నీ ఇంట్లోంచి కుట్టు మిషను చప్పుడు నా చెవులారా విన్నాను. నలుగురిలో నిలబెట్టి, తప్పని ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె అందుకోవడానికి రావద్దన్నాను. నువ్వు చెప్పులేసుకుని వెళ్లిపోయావు, ఆ నెలలోనే ఊరూ మారిపోయావు. ఒక్క మాట చాలు చెల్లీ. ఆ రోజు కుట్టాను, తప్పు చేశాను అను. రొట్టె అలాగే ఉంది, తలుపూ అలాగే తెరిచి ఉంది.

సత్యం విషయంలో చుట్టరికం చూడని
నీ అన్నయ్య


జనవరి 15

అన్నయ్యా,

బాగున్నాను. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను.

గుడ్డ లేకుండా కుట్టు నిలవదు. కాబట్టి మొదట గుడ్డలాంటిదే ఒకటి వేస్తాం. కరిగే కాగితం అంటాం దాన్ని. కొత్త చొక్కా చుట్టి ఇస్తారే, ఆ కవరులా ఉంటుంది. రెండు పొరలు రింగులో బిగించాలి, వేలితో కొడితే డప్పులా మోగాలి. మోగకపోతే సూది కింద ముడుచుకుపోయి పనంతా పాడు. తర్వాత, వినవయ్యా ప్రసంగీకుడా, ముందే ఆకులు కుట్టకూడదు. ముందు వల కుట్టాలి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, ఏటవాలుగా రెండు, ప్రతి దారమూ ఇంకో దారాన్ని కనీసం రెండుచోట్ల దాటాలి. కింద దారం చుట్టే బాబిన్‌లో కూడా పైన ఉన్న రంగు దారమే ఉండాలి, ఎందుకంటే దీనికి తిరగా బోర్లా అని లేదు, రెండు వైపులూ ముఖాలే. ఆ వల మీద ఆకులూ ఈనెలూ పూలూ వేస్తాను. వేశాక వల కనపడదు. ఎవరూ మెచ్చుకోరు. నా పనిలో మూడొంతులు అదే.

అన్నీ అయ్యాక గోరువెచ్చని నీళ్లలో ముంచితే కాగితం కరిగిపోతుంది. మొత్తం కడిగేయను, కొంచెం బంక ఉంచుతాను. అదే గంజి. ఉక్కు గిన్నె బోర్లించి దాని మీద తడి కుట్టు పరిచి ఆరనిస్తే మర్నాటికి నీ టీచరమ్మ తాళాలగిన్నె. వల లేకుండా కుట్టానా, నీళ్లలోంచి తీసేసరికి చేతిలో నాచు మిగులుతుంది. మొదటి ఏడాది ఎంత నాచు తీశానో నాకూ మురిక్కాలవకే తెలుసు.

కాబట్టి ఆ గిన్నెకు ఆధారం లేదని చెప్పకు అన్నయ్యా. ఆధారం తన పని చేసి పోయింది. దారాలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కాబట్టి నిలబడింది.

ఇక నీ అసలు మాట. ఆ రోజు మిషను కుట్టాను. లేదని ఎప్పుడూ అనలేదు. ఏం కుడుతున్నావని నువ్వు అడగలేదు. అడగని ప్రశ్నకు నలభై మందిలో జవాబెలా చెప్పను? ఇంకోటి కూడా ఉంది, చెప్పనని ఒకరికి మాటిచ్చాను.

వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? వంటింటి గడప ఎత్తు ఎక్కువ, అక్కడ ఒక ఇనప కడ్డీ పట్టుకోవడానికి అతికించమని ఆరేళ్ల కిందటే చెప్పాను. ఊరందరి ఇళ్లకూ అతుకుతావు.

నీ చెల్లెలు
దారపుండ (ఈ పేరు పెట్టింది నువ్వే, మర్చిపోయి ఉంటావు)


జనవరి 23

దారపుండా,

మర్చిపోలేదు. నాలుగేళ్ల పిల్లవి నాన్న కుట్టుపెట్టెలో కూర్చుని తల నుంచి కాళ్ల దాకా చుట్టుకుంటే విప్పలేక ఏడ్చింది నేను.

ఆదివారం నిప్పు కురిసిందనుకో. గిన్నెను కర్ర మీద బోర్లించి పట్టుకుని నిలబడ్డాను. "కిందిది కరగాలి. కరిగితేనే పైది వెలుగు చూస్తుంది. మీలో కరగనిది ఏమిటి?" అని అడిగాను. మన సంఘం వడ్రంగి కళ్లు తుడుచుకున్నాడు. టీచరమ్మ రాసుకుంది. ఎడారిలో దేవుడి గుడారం వేసినప్పుడు నీలి దారం, ఎర్ర దారం పనిచేసే వాళ్లకు పైనుంచే తెలివి ఇవ్వబడిందని చెప్పాను. ఆ తెలివి ఉన్న చేతులు నా తోబుట్టువు చేతులని చెప్పాను. అప్పుడు రుమాలు తీయాల్సి వచ్చింది. దుమ్ము.

ఇప్పుడు విను. వడ్రంగి ప్రార్థన హాలుకి కొత్త బల్ల చేశాడు. హాలంటే తెలుసుగా, సిలిండర్లు పరదా వెనక్కి నెడితే హాలు, పరదా తీస్తే నా వెల్డింగు షెడ్డు. ఆ షెడ్డులో ఈ బల్ల ఒక్కటే నునుపైన వస్తువు. దీని మీదికి ఒక బల్ల గుడ్డ నువ్వు కుట్టాలి. ద్రాక్షాకులు ఉంటే బావుంటుంది. కొలత మీ వదిన దారానికి ముడులు వేసి ఈ కవరులో పెట్టింది. మొదటి ముడి వెడల్పు, రెండోది పొడవు. టేపు ఉండగా దారమేమిటంటే, "ఆమెకి దారమే అర్థమవుతుంది" అంది.

నీ చేతిపని బల్ల మీద ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. నువ్వు బల్ల దగ్గర ఉండటానికి మాత్రం ఆ ఒక్క మాట కావాలి. ఏం కుట్టావన్నది ఎందుకు? పట్టుచీరైనా గోనెసంచైనా, రోజు ఆ రోజే కదా.

నీ కుట్టుని నలభై మందికి చూపించిన
అన్నయ్య

(కడ్డీ అతికించాను.)


ఫిబ్రవరి 21

అన్నయ్యా,

పార్సిలు ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. నాలుగు వారాలు పట్టింది. ఇంతవరకు నేను చేసినవాటిలో ఇదే పెద్దది.

పల్చటి ఆర్గాంజా గుడ్డ మీద వేశాను. కింద వేలు పెడితే వేలిముద్ర కనిపించేంత పల్చన. దాన్ని రింగులో బిగించడం నీటి బుడగను గోళ్లతో పట్టుకున్నట్టే. కొంచెం లాగితే నేత జరిగిపోతుంది, వదిలేస్తే ముడత. అందుకని ఒక్కో ఆకుకీ రింగు విప్పి మళ్లీ బిగించాను. నలభై ఒక్క ఆకులు. ఎందుకు నలభై ఒకటంటే, మీ సంఘంలో నలభై మంది అని రాశావు, ఆపైన నువ్వు.

చుట్టూ అంచు మాత్రం నీ టీచరమ్మ గిన్నెలా వల మీద కుట్టిన లేసు. అంచు పక్కనున్న ఆర్గాంజాని, వైర్లు అతికే సోల్డరింగు ఐరన్‌తో కోశాను. రేడియో మెకానిక్ పాతది ఇచ్చాడు. కుట్టు వెంబడే మొన పోనిస్తే గుడ్డ కరిగి దానంతటదే అంటుకుంటుంది, పోగు లేవదు. నేను కూడా నిప్పుతో అతుకుతున్నానని చెప్పు నీ వడ్రంగికి.

ఒక మూల ఆకు వేయలేదు. విప్పగానే కనిపిస్తుంది. నువ్వు మూల వంకే ముందు చూస్తావు, తెలుసు. ఎందుకు వేయలేదో అడుగు. అడిగితే చెప్తాను.

(రెండో కాగితం)

ఇది జాగ్రత్తగా చదువు. అంచు లేసులో కరిగే కాగితం ఇంకా అలాగే ఉంచాను, పోస్టులో నలగకుండా. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పోతుంది. పిండొద్దు. తువ్వాలు మీద పరిచి ఆరనివ్వండి. మధ్యలో ఉన్న ఆర్గాంజా కరగదు, అది పోకూడదు కూడా. ఈసారి గుడ్డే ఆధారం. ఆకులకు మధ్యలో వల లేదు. ఒక్కోటీ విడిగా ఉంది, ఆ పల్చటి గుడ్డే అన్నిటినీ పట్టుకుంటుంది. గిన్నె వేరు, ఇది వేరు.

వదినకి ముడులు సరిపోయాయని చెప్పు. వేలెడు కూడా తేడా రాలేదు.

దారపుండ


మార్చి 2

చెల్లీ,

పార్సిలు అందింది.

ఇక్కడ అందరూ క్షేమం. ఎండ మొదలైంది. షెడ్డు రేకు పదకొండుకే కాలిపోతోంది.

గర్వం గురించి ఈ మధ్య ఎక్కువగా ధ్యానిస్తున్నాను. మనిషి తనకు తెలుసు అనుకున్న రోజే తెలియనివాడవుతాడు. ఎదుటివాడి కంట్లో నలుసు తీయబోయేవాడు తన కంట్లో దూలం చూసుకోవాలి. ఇవన్నీ మనం ఎప్పుడూ వినేవే. వినేవి వేరు, తగిలేవి వేరు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

అన్నయ్య


మార్చి 11

అన్నయ్యా,

"పార్సిలు అందింది." గ్యాసు బండ వచ్చినా ఇంతకంటే ఒక మాట ఎక్కువ రాస్తారు.

గర్వం గురించి రాశావు. మూల ఆకు వేయకపోవడం గర్వం అనుకున్నావు కాబోలు. కంట్లో దూలం నాదే కాబోలు. నాలుగు వారాలు ఆ గుడ్డను రింగులో బిగిస్తూ విప్పుతూ, ఇది బల్ల మీద పరిచాక అన్నయ్య ఒక ప్రశ్న అడుగుతాడు, ఒకే ఒక్క ప్రశ్న, అనుకుంటూ కూర్చున్నదాన్ని. నలభై మందిని ప్రతి ఆదివారం ప్రశ్నలతో దులిపేస్తావు. మీలో కరగనిది ఏమిటి, మీ పునాది ఏది, మీ దీపంలో నూనె ఉందా. అవి జవాబు కోసం అడిగే ప్రశ్నలు కావన్నయ్యా. జవాబు చెప్పబోతే కోప్పడతావు.

ఇంకో సంగతి. ఇక్కడికి రెండు రోజుల రైలు ప్రయాణం దూరంలో పెద్ద ఎంబ్రాయిడరీ కార్ఖానా ఉంది. పన్నెండు తలల మిషన్లట. ఆకు ఒకటి గీసిస్తే పన్నెండు ఆకులు ఒక్కసారే దిగుతాయట. నన్ను నమూనాలు గీయడానికి రమ్మన్నారు. జనవరిలోనే అడిగారు. నీ ఉత్తరం వచ్చింది కదా అని ఆలోచిస్తానన్నాను. మూడు గంటల బస్సు దూరంలో ఉంటే ఎప్పుడైనా ఒక ఆదివారం నడిచి లోపలికి రావచ్చనుకున్నాను. ఇప్పుడు సరేనన్నాను. ముప్పయ్యో తారీకున లారీ వచ్చి మిషను, మంచం, ట్రంకు పెట్టె తీసుకెళుతుంది. నేనూ దానితోపాటే స్టేషనుకి.

బల్ల గుడ్డ మీద కూర చుక్క పడితే రుద్దకండి. అద్ది తీయండి.

నీ చెల్లెలు


మార్చి 26

చెల్లీ, దారపుండా, అమ్మా,

ఇది నాలుగో కాగితం. ముందు మూడూ ప్రసంగాలైపోయాయి, చించేశాను.

బల్ల గుడ్డ మీద కూర చుక్క పడదు. బల్ల గుడ్డ లేదు. నేను కోసేశాను.

వరసగా చెప్తాను. పార్సిలు వచ్చిన రోజు షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. నీ మొదటి కాగితం చదివాను. మూల ఆకు వేయలేదు, ఎందుకో అడుగు అన్న దగ్గర నాకు మండింది. ప్రభువు బల్లకు ఇచ్చేదాంట్లో కూడా బేరమా అనుకున్నాను. కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టేశాను. రెండోది విప్పనే లేదు. విప్పి ఏం చేయాలి, పని ఎలా జరుగుతుందో నాకు తెలుసుగా. నలభై మందికి నేర్పినవాణ్ణి కదా. ముంచాలి, కిందిది కరగాలి, పైది నిలవాలి. ఒక్క వచనం పట్టుకుని గ్రంథమంతా తెలుసనుకునేవాళ్లను నేనే ఎన్ని వందల సార్లు తిట్టానో.

హాల్లో బాప్తిస్మపు తొట్టి ఉంది. వేడినీళ్లు పోసి అందులోనే ముంచాను. అంచు కాగితం కరిగింది, లేసు లేచి నిలబడింది, చూసి స్తోత్రం అన్నాను. మధ్యలో గుడ్డ కరగలేదు. ఇంకో రెండు బిందెలు వేడివి పోశాను. కరగలేదు. మూడుసార్లు ముంచాను. ఇదేదో మొండి ఆధారం, దీన్ని కోసే తీయాలి అనుకుని రేకు కత్తెర తెచ్చాను. తీగకు అంట్లు కత్తిరించేవాడిలా ఒక్కో ఆకు చుట్టూ కోసుకుంటూ వచ్చాను. ఎంత శ్రద్ధగా కోశానో చెప్తే నమ్మవు. నీ కుట్టులో ఒక్క పోగు తెగలేదు. ఆకులన్నీ విడిపోయాక కానీ అవి ఒకదాన్నొకటి పట్టుకోవని నాకు తెలియలేదు. రెండు కడ్డీలు తగలకపోతే ఎంత మంట పెట్టినా అతుకు పడదని రోజూ పనివాళ్లకు చెప్పే వాణ్ణి నేను. కడ్డీలు తగిలాయో లేదో చూడలేదు. బల్ల మీద చుట్టూ నీ లేసు అంచు చెక్కుచెదరకుండా ఉంది, మధ్యలో ఖాళీ, ఒక పక్క నలభై ఒక్క ఆకులు ఊడ్చి పోగేసినట్టు.

అప్పుడు మీ వదిన బల్ల తుడవడానికి గుడ్డ పట్టుకుని వచ్చింది. చూసింది. అరవలేదు. నా జేబులోంచి నీ కాగితాలు లాగి రెండోది విప్పి నా ముందు పెట్టి ఇంట్లోకి పోయింది. చదివాను. ఆమె తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో నా ఆదివారం కోటు, బ్లేడు ఉన్నాయి.

"ఎలాగూ కోస్తున్నారుగా, ఇదీ కోయండి. ఎడమ చెయ్యి మడత" అంది.

"దీనికేమైంది?"

"ఆరేళ్ల కింద శనివారం సాయంత్రం కోటు తీయకుండానే ఎవరిదో గొళ్లెం అతికి వచ్చారు. రవ్వపడి చెయ్యి అంచంతా కాలింది. మీరు చూసుకోలేదు. నేను చూశాను. కాలిన కోటుతో నిలబడతారని తెల్లారకముందే తీసుకెళ్లి ఆమెని లేపాను. ఆదివారం వదినా అంది. ఈ ఒక్కటీ అన్నాను. ఆయనకి చెప్పొద్దని కూడా నేనే అన్నాను."

కోటు అందుకున్నాను. ఆమె అంది, "ఆ కోటే వేసుకుని ఆమెని లేచి నిలబడమన్నారండి."

ఆరేళ్లు ఎందుకు చెప్పలేదన్నాను. ఆ రోజు మీ గొంతు విని నా నాలుక లోపలికి పోయింది, మర్నాడు చెబుదామనుకున్నాను, మర్నాటికి అది ఇంకా బరువెక్కింది అంది. ఆమెను ఏమీ అనలేదు. నా ఇంట్లోనే నాకు నిజం చెప్పడానికి భయపడేలా బతికిన వాణ్ణి, ఏమంటాను?

మడత విప్పాను. కాలిన అంచు లోపలికి తిప్పి కుట్టి ఉంది. నల్ల కోటుకి లోపల నీలం దారం. ఆరేళ్లు ఆ చేయి ఎత్తి ఎత్తి చూపించాను జనానికి. గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినమైనా పైకి లాగాలని చెప్పేటప్పుడు కూడా ఆ చెయ్యే ఎత్తాను.

మొన్న ఆదివారం విప్పిన చెయ్యి అలాగే వేలాడదీసుకుని నిలబడి అంతా చెప్పాను. ఆ ఆరేళ్ల కిందటి మాట ఏ నలభై మంది ముందు అన్నానో వాళ్ల ముందే వెనక్కి తీసుకున్నాను. రొట్టె విరవలేదు. అర్పణ అక్కడే వదిలేసి ముందు పోయి తోబుట్టువుతో సమాధానపడమని ఉంది కదా, అది అయ్యాకే అన్నాను. టీచరమ్మ ఏడ్చింది. వడ్రంగి మాత్రం, "మంచిదే అయ్యగారూ, కానీ పోయి అని ఉంది, మీరు ఇక్కడే ఉన్నారుగా" అన్నాడు. వాడికి ఈ మధ్య నోరెక్కువైంది.

పోవాలనే ఉంది. కానీ ఏ ముఖంతో? చేతిలో నలభై ఒక్క ముక్కలతోనా? అందుకని మీ వదినా నేనూ ఆకులను చేత్తో కుడుతున్నాం, ఒకదానికొకటి కలిపి. పదకొండు అయ్యాయి. నా వేళ్లు వెల్డింగు వేళ్లు, సూది కనపడదు. నెల పట్టేట్టుంది. అది పూర్తిచేసి, పరిచి చూసుకుని, మచ్చ లేకుండా చేసి నీ కొత్త చోటికి నేనే తెస్తాను. చిరునామా పంపు.

ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు కోసమే అడుగుతున్నాను. ఆ మూల ఆకు ఎందుకు వేయలేదు?

నీ కుట్టు కింద ఆరేళ్లు దాక్కున్న
అన్నయ్య


మార్చి 29, పొద్దున్న ఏడు

అన్నయ్యా,

ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ఎన్నిసార్లు చదివానో చెప్పను. పోస్టుని నమ్ముకుంటే కుదరదు, ఇది మొదటి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. షెడ్డు ముందే ఆపి నీ చేతికే ఇస్తానన్నాడు. అదే బస్సు ఒంటిగంటకు మీ ఊరినుంచి తిరిగి బయలుదేరుతుంది. దాని గురించే ఈ ఉత్తరం.

మూల ఆకు ఎందుకు వేయలేదంటే, పచ్చ దారం అయిపోయింది. నిజంగా. కొనడానికి లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్లీ విప్పేసి కూర్చున్నాను, ఉండనీ, దీని గురించైనా అడుగుతాడు అని. ఆ రోజు కోటుకి నల్ల దారం కూడా అయిపోయింది. నా బతుకులో పెద్ద సంగతులన్నీ దారం అయిపోయినప్పుడే జరుగుతాయి.

వదినని ఏమీ అనొద్దు. అనలేదని రాశావు, ఇకముందు కూడా అనొద్దు. ఆమె చెప్పొద్దంది, నేను ఒప్పుకున్నాను, నువ్వు అడగలేదు. ముగ్గురం కలిసి కుట్టిన ముడి అది.

చేత్తో కుట్టడం ఆపేయండి. వినపడిందా? ఆ పదకొండు కూడా విప్పేయండి. వెల్డింగు వేళ్లతో లాగి కుడితే ఆకు ముడుచుకుపోతుంది. నలభై ఒక్క ఆకుల్లో ఒక్క పోగు తెగలేదని రాశావు కదా, అంతే చాలు. కరిగే కాగితం ఇంకా ఒక చుట్ట ఉంది నా దగ్గర. నీ దగ్గరున్న లేసు అంచు దాని మీద పరుస్తాను. మధ్యలో ఆకులు ఒక్కోటీ ఎక్కడ పెట్టాలో నువ్వు పట్టుకో, వదిన గుండుసూదులు పెడుతుంది, నేను ఆకు నుంచి ఆకుకి వల కుడతాను. ముంచితే ఈసారి నిజంగానే గుడ్డ ఉండదు. నువ్వు జనవరిలో నలభై మందికి చెప్పిన ప్రసంగం అప్పటికి నిజమవుతుంది. పచ్చ దారం నిన్న రాత్రే తెచ్చాను. మూల ఆకు నువ్వు చూస్తుండగా వేస్తాను.

మచ్చ లేకుండా చేసి తెస్తానన్నావు, నెల తర్వాత. ఆ బుద్ధి మానుకో. ముక్కలతోనే రా. డబ్బాలో వేసుకుని రా. ఎవరు ఎవరి దగ్గరికి ముక్కలు లేకుండా వెళ్లారు? వడ్రంగి సరిగ్గా చదివాడు, పోయి అనే ఉంది. పూర్తిచేసుకుని పొమ్మని లేదు. పొద్దు గుంకేలోపు కోపం తీర్చుకోమని కూడా ఉంది కదా. మనం రెండువేల పొద్దులు గుంకనిచ్చాం.

లారీ రేపు పొద్దున్న పదికి వస్తుంది. మిషను ఇంకా విప్పలేదు. మంచం, ట్రంకు పెట్టె కట్టేశాను, మిషను మాత్రం కిటికీ దగ్గర అలాగే ఉంది. లారీలో ఏది ఎక్కాలి, ఎవరు ఎక్కాలి అన్నది ఈ సాయంత్రం మాట్లాడుకుందాం. ఉత్తరాల్లో కాదు. ఉత్తరాల్లో నువ్వు రెండో కాగితం చదవవు. అందుకే ఇదంతా ఒక్క కాగితం మీదే ఇరికించాను, చూడు, అంచుల్లో కూడా రాశాను.

ఇక్కడా ఒక బల్ల ఉంది. చిన్నది, ఒక కాలు పొట్టి, అట్టముక్క పెట్టాను. రొట్టె ఉంది. కూర్చోవడానికి ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు.

విప్పిన చెయ్యితోనే కోటు వేసుకో, నీలం దారం కూడా సిద్ధంగా ఉంది. కాలుతున్న రాడ్ చేతిలో ఉంటే కింద పెట్టు. పరదా లాగు, షెడ్డుకి తాళం వెయ్యి. వదినని మెల్లగా నడిపించు, బస్సు మెట్టు ఎత్తు. వచ్చే ఆదివారం కాదు, ప్రార్థన చేసుకుని కాదు, రేపు కాదు. ఒంటిగంట బస్సు. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోకు అన్నయ్యా, చేతిలో పట్టుకునే లే. ఇవాళే రా.